గోల్కొండ గుట్ట మీద ఇప్పుడెవరుంటరు?

గోల్కొండకు నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. చిన్నప్పుడు స్కూలువాళ్లు బస్సెక్కించి తీసుకెళ్లారు, ఉద్యోగంలో చేరాక ఊరి నుంచి ఏ చుట్టాలొచ్చినా వాళ్లకు కోట చూపించే డ్యూటీ నాదే అయింది, మధ్యమధ్యలో ఏమీ తోచనప్పుడు ఒంటరిగా కూడా వెళ్లొచ్చాను. కానీ కోట గురించి ఇన్నేళ్లుగా నా తలలో ఉన్న బొమ్మ మొత్తం మారిపోయింది మాత్రం ఒక ఆషాఢం ఆదివారం నాడు, మా అమ్మ వెంట బోనాలకు ఎక్కినప్పుడు.

ఆ రోజు మెట్ల మీద కాలు పెట్టే సందు లేదు. సన్నగా తుంపర. మాకు రెండు మెట్లు ముందు ఒకామె తల మీద బోనం పెట్టుకుని ఎక్కుతోంది. కొత్త కుండకు సున్నం, పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు, చుట్టూ వేపకొమ్మలు, పైన దీపం. ఒక చెయ్యి కుండ మీద, రెండో చెయ్యి గోడ మీద. మెట్లు మలుపు తిరిగిన ప్రతిచోటా ఆమె అరచెయ్యి గోడరాయిని ఒకసారి తడుముతోంది, చూడకుండానే. నేను ఆ రాయిని దగ్గరగా చూశాను. చుట్టూ గరుకుగా ఉంది, సరిగ్గా చెయ్యి ఆనే ఎత్తులో మాత్రం నున్నగా, నల్లగా, నూనె రాసినట్టుంది. దీపం ఆరిపోతుందేమోనని వెనకున్న అమ్మాయి చీరకొంగు అడ్డం పెట్టి నడుస్తోంది. ఇన్నిసార్లు ఎక్కిన మెట్లే, ఆ గోడను నేను ఏనాడూ ముట్టుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మహంకాళి అమ్మవారి గుడి దగ్గర, ఆ పెద్ద బండల కింద దర్శనం అయ్యాక, ఇంకొంచెం ఎక్కితే బారాదరి వస్తుంది కదా, అమ్మను రమ్మన్నాను. 

"పైన ఏముందిరా?"

"రాజులు దర్బారు చేసిన మేడమ్మా. అక్కణ్నుంచి ఊరంతా కనిపిస్తుంది."

"గాడ ఇప్పుడెవరుంటరు?"

"ఇప్పుడెవరూ ఉండరు."

"మరెందుకు గాడికి? నేనీడనే కూసుంట, నువ్వు పోయి రా."

నేను పోయి రాలేదు. అక్కడే బండకు ఆనుకుని కూర్చున్నాను. అప్పటిదాకా నా లెక్కలో ఆ కొండ మీద ముఖ్యమైనది బారాదరి, గుడి దారిలో వచ్చే ఒక స్టాపు. అమ్మ లెక్కలో గుడే కొండ. పైనున్న మేడ, ఎవరూ కాపురం లేని ఒక పాత ఇల్లు. ఆమె చెప్పింది తప్పని అనడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

గోల్కొండ గురించి మాట్లాడేటప్పుడు మనలో చాలామందికి ఒక అలవాటుంది. "అసలు" అనే మాట. అసలు ఇది ఎవరిది, అసలు దీన్ని దేనికి కట్టారు, అసలైన కోట ఎప్పటిదాకా ఉంది. నా స్నేహితుడొకాయన చరిత్ర బాగా చదివినవాడు, "అసలు గోల్కొండ 1687లో ఔరంగజేబు చేతిలో పడ్డంతో అయిపోయింది, ఆ తర్వాతదంతా శిథిలం, ఇప్పుడున్నది టూరిస్టు స్పాట్" అంటాడు. ఇంకొందరు ఇంకా వెనక్కి వెళ్లి కాకతీయుల మట్టికోటే అసలుదంటారు. వాళ్లందరితో నా గొడవ ఒక్కటే. ఒక కట్టడం వయసును కట్టినవాడితో మొదలుపెట్టి ఓడిపోయినవాడితో ఆపేయడం ఏం లెక్క? మధ్యలో, తర్వాత అక్కడ మనుషులు ఏం చేశారో అదంతా చరిత్ర కిందికి రాదా?

కాస్త వరసగా చూద్దాం. గొల్లకొండ అన్న పేరులోనే మొదటి వాడకం ఉంది, గొర్రెలు మేపుకునేవాళ్ల కొండ. కాకతీయుల కాలంలో మట్టిగోడల కోట. ఓరుగల్లు పడిపోయాక ముసునూరి కాపయ నాయకుడు 1364 ప్రాంతంలో దీన్ని బహమనీ సుల్తానుకు వదులుకోవాల్సి వచ్చింది. బహమనీల కింద ఇది తెలంగాణ తరఫుదారు ఉండే చోటు. అంటే రాజధాని కాదు, రాజధాని నుంచి వచ్చిన ఆఫీసరు మకాం. ఆ ఆఫీసర్లలో ఒకడు సుల్తాన్ కులీ. బహమనీ రాజ్యం ముక్కలవుతుంటే ఇతను 1518 నాటికి స్వతంత్రుడయ్యాడు, మకాం కాస్తా రాజధాని అయింది. మట్టిగోడల చోట రాతిగోడలు లేచాయి. బాలాహిసార్ ద్వారానికి దగ్గర్లోనే జామా మసీదు వెలిసింది. 1543లో ఆ మసీదులోనే ముసలి సుల్తానును, కొడుకు జంషీద్ పురమాయించిన మనిషి చంపేశాడు. ఇంకో కొడుకు ఇబ్రహీం ప్రాణభయంతో విజయనగరం పారిపోయి, ఏడేళ్లు అళియ రామరాయల దగ్గర ఉండి, 1550లో తిరిగొచ్చి గద్దెనెక్కాడు. తెలుగు కవులు మల్కిభరాముడని నోరారా పిలుచుకున్నది ఈయన్నే.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. 1591లో ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ మూసీ ఒడ్డున హైదరాబాద్ కట్టుకున్నాడు. అంటే సుల్తాన్ కులీ వంశమైన కుతుబ్‌షాహీలు బతికుండగానే, వాళ్ల చేతుల మీదుగానే, గోల్కొండ పని మారిపోయింది. రాజు ఉండే ఇల్లు ఊళ్లోకి వెళ్లింది, కోట మాత్రం ఆ ఇంటి ఇనప్పెట్టె అయింది. వజ్రాలు, ఖజానా, ఆయుధాలు, ధాన్యం అన్నీ అక్కడ. మెట్లెక్కే దారిలో అంబర్‌ఖానా అని ఒక పాడుబడ్డ కొట్టు కనిపిస్తుంది, అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో 1642లో కట్టిందని దాని పారశీక శాసనం చెబుతుంది. టూరిస్టులు ఫొటో కూడా తియ్యరు. నాకైతే కోటలో అదే అన్నిటికంటే నిజాయితీ గల కట్టడం అనిపిస్తుంది. రాజధాని పోయాక కూడా ఆ కొండ మీదికి బస్తాలు మోయించారంటే, ఆ వంశానికి ఏదో ఒక రోజు పారిపోయి రావాల్సిన అవసరం పడుతుందన్న భయం ఎంతుందో చూడండి. ఆ రోజు 14 ఏళ్లకే వచ్చింది. 1656లో యువరాజు ఔరంగజేబు మీదపడితే అబ్దుల్లా హైదరాబాద్ వదిలేసి పరుగున ఇక్కడికే వచ్చి తలుపులు వేసుకున్నాడు. అప్పటి ముట్టడి సంధితో ముగిసింది. తర్వాత కోటను ఆనుకుని నయా ఖిల్లా కట్టి రక్షణలో ఉన్న కంతను పూడ్చుకున్నారు.

కాబట్టి "అసలు" గోల్కొండ కావాలంటే ఏది తీసుకుంటాం? ఆఫీసరు మకామా, రాజధానా, ఇనప్పెట్టెనా, తలదాచుకునే చోటా? కుతుబ్‌షాహీల లోపలే ఇన్ని ఉన్నాయి.

1687లో, అప్పటికి చక్రవర్తి అయిన ఔరంగజేబు ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. మొఘలులు తవ్విన మందుపాతరలు ఎదురుతిరిగి వాళ్లనే చంపాయి, వానలు, కరువు, రోగాలు రెండువైపులా మనుషుల్ని తినేశాయి. చివరికి లంచం తీసుకున్న ఒక సర్దారు రాత్రిపూట దిడ్డి తెరిచాడు. లోపలికొచ్చిన మొఘల్ సర్దార్లను చివరి కుతుబ్‌షాహీ సుల్తాను తానీషా కంగారు పడకుండా పలకరించి, తన ఫలహారం అయ్యేదాకా ఆగమన్నాడని మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ఆయన్ను దౌలతాబాద్ కోటలో ఖైదు చేశారు, 1699లో అక్కడే పోయాడు. ఒక కొండ మీది రాజు ఇంకో కొండ మీద ఖైదీగా.

సరిగ్గా ఆ రోజుల్లోనే, కొద్ది రోజుల తేడాలో, ఇక్కడికి వేల మైళ్ల దూరంలో మరో కొండ మీద జరిగిన సంగతి చెప్పకుండా ఉండలేను. ఏథెన్స్‌లో అక్రోపోలిస్ గుట్ట మీద పార్థెనాన్. క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 432కల్లా పూర్తి చేసిన అథీనా దేవత గుడి. గుడే అయినా ఖజానా కూడా. రోమన్ సామ్రాజ్యం క్రైస్తవంలోకి మారాక అది చర్చి అయింది, అందుకోసం తూర్పు వాకిలి మూసి పడమటి వైపు నుంచి లోపలికి రావడం మొదలుపెట్టారు. 1204 తర్వాత పడమటి దేశాల క్రైస్తవులు ఊరిని పట్టుకుని దాన్ని తమ పద్ధతి చర్చిగా మార్చుకున్నారు. తుర్కులు వచ్చాక మసీదయింది, మినారు లేచింది. ఇన్ని మారినా రెండు వేల ఏళ్లు భవనం నిలబడింది, ఎందుకంటే ప్రతివాడికీ దానితో రోజూ పని ఉంది, వాన కురిస్తే పట్టించుకునేవాడు ఉన్నాడు. 1687 సెప్టెంబర్ 26న వెనిస్ సైన్యం పేల్చిన గుండు దాని మీద పడింది. అప్పటికి తుర్కులు లోపల తుపాకిమందు నిల్వ చేసి ఉన్నారు. నడిమి భాగం మొత్తం ఎగిరిపోయింది, సుమారు 300 మంది చనిపోయారు.

ఆ తర్వాత కథ నాకు ఇంకా బాధగా ఉంటుంది. గ్రీసు స్వతంత్ర దేశమయ్యాక, శిథిలాల మధ్య తర్వాత కట్టుకున్న చిన్న మసీదును తీసేశారు, తుర్కుల ఇళ్లు తీసేశారు, గుట్ట వాకిట్లో పడమటివాళ్లు కట్టిన పొడవాటి బురుజును 1875లో కూలగొట్టారు. ఆ గుడి కట్టించిన పెరిక్లీస్ కాలం ఒక్కటే కనబడాలని. కొత్తగా నిలబడిన దేశానికి తన పాత గొప్పతనం చూసుకోవాలన్న ఆరాటం నాకు అర్థమవుతుంది, దాన్ని వెటకారం చెయ్యను. కానీ ఆ గుట్ట మీద దాదాపు వెయ్యేళ్లు జనం మేరీమాతకు దండం పెట్టుకున్నారన్న సంగతి ఇవాళ అక్కడికి వెళ్లిన మామూలు మనిషి కంటికి దాదాపు ఆనదు. దండం పెట్టుకున్నవాళ్లు కూడా ఆ ఊరివాళ్లే కదా.

గోల్కొండకు అలాంటి గీకుడు జరగలేదు. అదృష్టం అనే అంటాను. మొఘలులకు దక్కనులో వేరే కేంద్రాలున్నాయి, ఇక్కడ కోటను చూసుకునే ఒక ఖిల్లేదారును పెడితే సరిపోయింది. 1724లో నిజాం ఉల్ ముల్క్ యుద్ధంలో మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్‌ను చంపాక, అతని కొడుకు ఇదే కోటలో దూరి కూర్చుంటే బుజ్జగించి బయటికి రప్పించాల్సి వచ్చింది. ఆ నిజాం వంశం అసఫ్‌జాహీలకు ఊరు ఉంది, రాజభవనాలు ఉన్నాయి, కోట మాత్రం సైన్యానికీ ఖైదీలకూ పనికొచ్చింది.

ఖైదీల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. గోల్కొండ ఖైదీ అనగానే మనకు కంచర్ల గోపన్న. భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము వాడాడని తానీషా కాలంలో బంధించారు, పన్నెండేళ్లు ఉన్నాడని జనం చెప్పుకుంటారు. ఆయన ఉన్నదని చూపించే చీకటి గది మొదట సరుకులు నిల్వ చేసుకునే కొట్టని చెబుతారు. గోడ మీద సీతారామలక్ష్మణులు, ఆంజనేయుడి బొమ్మలు ఉంటాయి. లోపలికి వెళ్లినవాళ్లలో సగం మంది చెప్పులు బయట విడుస్తారు. ఎవరూ విడవమని చెప్పరు. కొట్టు జైలయింది, జైలు గుడయింది, ఇంత మార్పుకీ ఏ రాజూ ఫర్మానా ఇవ్వలేదు.

ఇదే కోటలో ఇంకో ఖైదీ ఉన్నాడు. ముబారిజుద్దౌలా, నిజాం నాసిరుద్దౌలాకు సొంత తమ్ముడు. ఇంగ్లీషువాళ్లకు వ్యతిరేకంగా ఇస్లాం సంస్కరణవాదులైన వహాబీలతో కలిసి కుట్ర చేశాడని 1839లో పట్టుకుని గోల్కొండలో పెట్టారు. 1854లో చనిపోయేదాకా బయటికి రాలేదు. పదిహేనేళ్లు! గోపన్నకంటే ఎక్కువే. నాతో కోట చూసినవాళ్లలో ఒక్కరికి కూడా ఆయన పేరు తెలియదు, ఒకసారి మాకు దారి చూపించిన గైడుకు కూడా తెలియదు, నేను చెబితే "అవునా సార్, ఏ గది?" అని ఎంతో ఆసక్తిగా అడిగాడు. ఏ గదో నేను చూపించలేకపోయాను. గోపన్నకు పాటలున్నాయి, గుడి ఉంది, తెలుగు నోళ్లు ఉన్నాయి. ముబారిజుద్దౌలా "అసలు కోట అయిపోయాక" వచ్చినవాడు, కాబట్టి లెక్కలోంచి జారిపోయాడు. 1687 దగ్గర చరిత్రను ఆపేస్తే జరిగేది ఇదే, మనుషులు జారిపోతారు.

ఇక మన కాలం సంగతి. కోట పురావస్తు శాఖ కిందికి వచ్చింది, టికెట్టు పెట్టారు, సాయంత్రాలు సౌండ్ అండ్ లైట్ షో. పక్కనే సైన్యం ఆర్టిలరీ సెంటర్ ఉంది, ఒకప్పుడు ఫిరంగులకు ఎదురొడ్డిన గోడలకు ఫిరంగి విద్య నేర్చుకునే కుర్రాళ్లు ఇరుగుపొరుగు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక మొదటి పంద్రాగస్టు జెండా ఇక్కడే ఎగరేశారు. అప్పట్లో దాని మీద చాలా మాటలు విన్నాను. కోటను రాజకీయాలకు వాడుకుంటున్నారని కొందరు. నాకది వింతగా అనిపించింది. ఈ కోటను రాజకీయాలకు కాకుండా ఇంకెందుకు కట్టారు? కొత్తగా ఏర్పడ్డ ప్రతి ప్రభుత్వం ఈ కొండ ఎక్కి తన ఉనికిని చాటుకుంది. సుల్తాన్ కులీ గోడలు కట్టి చాటాడు, ఔరంగజేబు ఫత్తే దర్వాజా అని తన గెలుపు పేరు ద్వారానికి తగిలించి చాటాడు. ఒక ప్రభుత్వం జెండా కట్టి చాటుకుంటే, ఆ వరసలో ఇంత నెమ్మదైన పద్ధతి ఇంకొకటి లేదు.

అలాగని ఏ వాడకమైనా మంచిదే అని నేను అనడం లేదు. పార్థెనాన్‌లో తుపాకిమందు పెట్టడం కూడా వాడకమే. నేను పెట్టుకున్న కొలత ఒకటుంది: ఇప్పుడు వాడుకుంటున్నవాడు తన తర్వాత వచ్చేవాడికి ఆ చోటును పనికొచ్చేలా మిగులుస్తున్నాడా? బోనం ఎత్తుకున్నామె అరచెయ్యి వల్ల గోడ నున్నబడుతుంది, అంతే, రేపు టూరిస్టు అదే గోడ పట్టుకుని ఎక్కుతాడు. ఇబ్రహీం మసీదుకూ అమ్మవారి బండకూ మధ్య నాలుగడుగులు, ఒకరి దారికి ఒకరు అడ్డం లేరు. అదే బారాదరి గోడల మీద మేకుతో గుండె బొమ్మ గీసి రెండు పేర్లు చెక్కేవాడు మాత్రం గచ్చు పూతను శాశ్వతంగా తీసుకుపోతున్నాడు. నయా ఖిల్లాలో గోల్ఫ్ మైదానం పరుచుకోవడం కూడా నాకు నచ్చదు. పాత గోడలు, తోట, వందల ఏళ్ల బావోబాబ్ చెట్టు ఉన్న చోటు అందరూ తిరిగేలా ఉండాలని నా కోరిక. కొద్దిమంది ఆటకు కంచె వేస్తే మిగతావాళ్లకు ఆ చోటు మ్యాపులో పేరుగా మిగులుతుంది.

అన్నిటికంటే నష్టం చేసింది మాత్రం వాడకం ఆగిపోవడమే అని నా నమ్మకం. కోట లోపల తిరిగి చూడండి. మనుషులు ఏదో ఒక పని మీద వెళ్లడం మానేయని మసీదు నిలబడి ఉంది, గుడి నిలబడి ఉంది. రాణీమహల్, తానీషా మంత్రులు అక్కన్న మాదన్నల కచేరీ గదులు, అంబర్‌ఖానా, వీటితో 1687 తర్వాత ఎవరికీ రోజువారీ పని లేదు, పాడుబడ్డాయి. గోడల్లో మట్టిగొట్టాలు ఇప్పటికీ కనిపిస్తాయి, దుర్గం చెరువు నుంచి వచ్చిన నీటిని అంచెలంచెలుగా పైకి తోడి పంపిన గొట్టాలు. వాటిలో ఇప్పుడు చీమలు. చెరువు మాత్రం హైటెక్ సిటీ పక్కన బతికే ఉంది, 2020 నుంచి దాని మీద తీగల వంతెన, రాత్రిపూట రంగు లైట్లు. అక్కడ సెల్ఫీ దిగే కుర్రాళ్లకు ఈ నీళ్లు ఒకప్పుడు గోల్కొండ కొండెక్కేవని ఎవరైనా చెబితే ఎంత బాగుంటుంది!

నాకు కావాల్సింది పెద్ద కోరికేమీ కాదు. మరమ్మతు చేసేటప్పుడు కుతుబ్‌షాహీ పూత కోసం ఆ తర్వాతవాళ్ల గుర్తులు గీకెయ్యొద్దు. గైడులకు ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు తారామతి ప్రేమకథతో పాటు ముబారిజుద్దౌలా పదిహేనేళ్లు కూడా చెప్పించాలి, బోనాలు ఈ కొండ మీదే ఎందుకు మొదలవుతాయో చెప్పించాలి. అంబర్‌ఖానా ముందు ఒక్క నిమిషం ఆపి, ఇది ఒక భయం కట్టించిన కొట్టు అని పిల్లలకు చెప్పాలి. స్కూలు పిల్లలు రాజుల పేర్లు మర్చిపోతారు, భయాన్ని మర్చిపోరు.

ఆ ఆదివారం మేం దిగేసరికి మధ్యాహ్నం దాటింది. తుంపర ఆగింది. బాలాహిసార్ ద్వారం కింద, ఆ గుమ్మటం లోపల, పిల్లల గుంపు ఒకటి చప్పట్లు కొడుతోంది. అమ్మ ఆగి చూసింది. ఏంటిదని అడిగితే, ఇక్కడ చప్పట్లు కొడితే కొండ పైదాకా వినిపిస్తుందమ్మా, పూర్వం ఎవరైనా వస్తే కాపలావాళ్లు ఇలాగే పైకి కబురు చేసేవాళ్లట అని చెప్పాను. అమ్మ చేతిలోని ప్రసాదం కవరు నాకిచ్చింది. గుమ్మటం నడుమకు వెళ్లి నిలబడి, పిల్లలు ఆగేదాకా చూసి, రెండు చేతులూ ఎత్తి గట్టిగా ఒక్క చప్పట కొట్టింది. తర్వాత తలెత్తి బండల వైపు చూసింది.

"అమ్మోరికి ఇనబడ్డదంటవా?"

వినబడే ఉంటుందమ్మా అన్నాను.